గొర్రెల దగ్గర ఉండిపోయిన కాపరి

నాకు ఒక చోట కుదురుగా కూర్చోవడం చేతకాదు. ఆదివారం ఆరాధనలో ప్రసంగం సాగుతుంటే నీళ్ళ సీసా నింపుకునే నెపంతో లేస్తాను, వెనక వరుసలో ఏదో కుర్చీ సర్దుతాను, మా ఆయన మోచెయ్యి పట్టుకుని లాగితే మళ్ళీ వచ్చి కూర్చుంటాను. అలాంటిదాన్ని తలుపు మూస్తే గాలాడని గదిలో ఆ డిసెంబరంతా కూర్చోబెట్టింది ఒక పాట. అదీ హాస్యం పాట. క్రిస్మస్‌కి హాస్యం పాటేమిటే అని మా అత్తగారు ఇప్పటికీ ఫోన్లో అడుగుతూనే ఉంటుంది.

పాట నాది కాదు. ఓడల యార్డులో పనిచేసే ఒక పశ్చిమ గోదావరి కుర్రాడిది. కుర్రాడంటే ముప్పై దాటినవాడే, పెళ్ళయి ఒక పాప ఉన్నవాడే. వర్క్ పర్మిట్ మీద ఈ పరాయి దేశానికి పనికి వచ్చినవాళ్ళు ఎంత వయసువాళ్ళయినా మా సంఘంలో అందరూ వాళ్ళను కుర్రాళ్ళనే అంటారు. ఆ మాటంటే నాకు మంట. అయినా నా నోటికీ అదే వస్తుంది, అది ఇంకా మంట.

అతను రోజూ ఓడ పక్కన కట్టిన పరంజా ఎక్కి పని చేసేవాడు. అక్కడెప్పుడూ కాలు జారలేదు. సెలవు రోజున పనివాళ్ళుండే డార్మిటరీ మెట్ల మీద, చేతిలో బిరియానీ పళ్ళెంతో, జారి కిందపడి తొడ ఎముక విరగ్గొట్టుకున్నాడు. మేము ఆసుపత్రికి చూడబోతే ఆ సంగతి అతనే చెప్పాడు.

“ఓడ మీంచి పడుంటే కాస్త గౌరవంగా ఉండేదండి. బిరియానీతో పడ్డానండి. పడతా పడతా పళ్ళెం మాత్రం వదల్లేదండి. ఆయ్, ముక్క కూడా పోలేదు.”

వార్డులో ఉన్న ముగ్గురు తెలుగువాళ్ళం పకపకా నవ్వాం. పక్క మంచం మీద చైనా తాతయ్య ఏం జరిగిందో తెలియకపోయినా మాతోపాటు నవ్వాడు. కానీ పరిస్థితి నవ్వులాటగా లేదు. పనిలో ఉండగా పడలేదు గనక రావలసిన సాయం సరిగా రాదు. నెలల తరబడి పని లేదు, ఇంటికి పంపే డబ్బు ఆగిపోయింది. కాలు కాస్త నిలబడగానే ఊరికి వెళ్ళిపోవాల్సిందే. అక్కడ భార్య రొయ్యల షెడ్డులో రొయ్యలు ఒలిచే పనికి వెళ్తోంది.

ఆసుపత్రిలోనే అతను ఆ పాట కట్టాడు. అతనిది క్రిస్మస్ బుర్రకథ చెప్పే ఊరు. తెలియనివాళ్ళకు చెప్పాలి: మా వైపు పల్లెల్లో క్రిస్మస్‌కి యేసు పుట్టుకను బుర్రకథగా చెప్పిస్తారు. మధ్యలో తంబురాతో కథకుడు, అటూ ఇటూ ఇద్దరు వంతలు. ఆ ఇద్దరిలో ఒకడు హాస్యగాడు. కథకుడు భక్తిగా కథ నడుపుతుంటే వాడు అడ్డుపడి తిక్క ప్రశ్నలు వేస్తాడు. జనం నిజానికి వాడి కోసమే వస్తారు. ఇతను ఇక్కడికి రాకముందు చాలా ఏళ్ళు ఆ హాస్యం వంత. ఆ చుట్టుపక్కల ఊళ్ళలో అతని పేరు చెప్తే ముందే నవ్వేవారట.

మంచం మీద పడుకుని అతను వేసుకున్న తిక్క ప్రశ్న ఇది. దేవదూత వచ్చి రక్షకుడు పుట్టాడని చెప్పగానే కాపరులందరూ బేత్లెహేముకు పరిగెత్తారు గదా. మరి గొర్రెల దగ్గర ఎవరున్నారు? ఎవడో ఒకడు ఉండిపోయి ఉంటాడు. ఎందుకంటే వాడిది ఆ రాత్రి డ్యూటీ. వాడు సెలవడిగితే దూత “సూపర్‌వైజర్‌ని అడుగు” అని ఎగిరిపోయింది. జ్ఞానులు దారితప్పి వచ్చి వాడి మెరిసే సేఫ్టీ జాకెట్‌ను చూసి నక్షత్రమనుకుని సాగిలపడబోయారు. వాడు కంగారుపడి, “నేను కాదయ్యా, అటెళ్ళి రైలు మారండి” అన్నాడు. అన్నీ అయ్యాక మిగతా కాపరులు ఊగుతూ తూగుతూ తిరిగొస్తారు. పసివాణ్ణి చూశాం, మరియమ్మను చూశాం అని కథలు కథలుగా చెప్తారు. వీడంతా విని చివరికి ఒకే ఒక్క మాట అడుగుతాడు. “నేను అడిగానని చెప్పారా?”

ఈ పాటను రికార్డు చేసి, ఆన్‌లైన్‌లో పెట్టి, విన్నవాళ్ళను తోచింది పంపమందామన్నది మా సంఘపెద్ద ఆలోచన. ఇక్కడే బుకిట్ పంజాంగ్ పేటలో ఉండే అంకుల్. ఇక్కడికి వచ్చి ముప్పై ఏళ్ళ పైమాటే. మనిషి మంచివాడు, ఎవరికి జ్వరమొచ్చినా రసం పట్టుకుని వచ్చేస్తాడు. రికార్డింగ్ నా మెడకు చుట్టింది కూడా ఆయనే. నేను ఇంట్లోంచి పిల్లల ఆడియో పాఠాలు చదివి పంపే పని చేస్తాను. బుకిట్ బటోక్‌లోని మా ఫ్లాట్‌లో బాంబుల షెల్టర్ అని ఒక ఇనుపతలుపు గది ఉంది. ఇక్కడ ఇంటింటికీ ఉంటుంది, అందరూ అందులో బియ్యం బస్తాలూ సూట్‌కేసులూ పెట్టుకుంటారు. మందపాటి గోడలు కదా, బయటి శబ్దం రాదు. నేను బస్తాల మధ్య మైకు పెట్టుకున్నాను.

కానీ పాట సంగతి తేల్చడానికి కమిటీ పెట్టుకున్న వాట్సాప్ మీటింగులో అంకుల్ ఒక మెలిక పెట్టాడు.

“పాట సూపర్ అమ్మా. కామెడీ ఓకే. బట్ అతను పాడకూడదు. కాలు విరిగినవాడు జోకులేస్తుంటే ఇచ్చేవాళ్ళకి మనసు కరగదు. పేషెంట్ పేషెంట్‌లా ఉండాలి.”

“పాట అతనిదే కదా అంకుల్?”

“పాట అతనిదే. వాయిస్ మన తమ్ముడిది. అతన్ని టీచ్ చేయమందాం.”

మన తమ్ముడంటే యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్న గుంటూరు అబ్బాయి, మా గాయక బృందంలో మంచి గొంతు. కమిటీ అంతా సరే అంది. నేనొక్కదాన్నే ఒప్పుకోలేదు, కానీ ఆ పూట మైకు మ్యూట్‌లో పెట్టి వంటింట్లో గిన్నెల మీద చూపించాను నా కోపం.

ఆ అబ్బాయి అద్భుతంగా పాడాడు. అదే చిక్కు. శ్రుతి తప్పడు, తాళం తప్పడు, “గొర్రెలకాడ ఎవరున్నారు?” అన్న తిక్క ప్రశ్నను కూడా శుభ్రంగా, రైల్లో తలుపులు మూసుకుంటున్నాయని చెప్పే గొంతులా అడిగేవాడు. నేను మళ్ళీ మళ్ళీ చెప్పించాను. పైఫ్లాట్‌లో డ్రిల్లింగ్, కిటికీల మీద వాన, గదిలో చెమట. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. రెండు టేకుల మధ్య తలుపు తీసుకుని హాలంతా కాలుగాలిన పిల్లిలా తిరిగేదాన్ని. క్రిస్మస్ దగ్గర పడుతోంది, పాట మాత్రం కదలడం లేదు.

“అక్కా, నా వల్ల కావట్లేదు,” అన్నాడు ఆ అబ్బాయే చివరికి. “ఆయన్ని పిలిపించండి. పక్కన కూర్చుని చెప్తే వస్తదేమో.”

ఒక శనివారం మధ్యాహ్నం మా ఆయన టాక్సీలో అతన్ని తీసుకొచ్చి దింపి, ఏదో పని మీద వెళ్ళాడు. చంకల కింద కర్రలు, ఒంటికి ఇస్త్రీ చొక్కా. షెల్టర్లోకి మెల్లగా తీసుకెళ్ళి, బియ్యం బస్తా మీద కాలు చాపించి కూర్చోబెట్టాను. ఫోన్లు ముగ్గురివీ హాల్లో సోఫా మీదే పెట్టేశాం. మైకు దగ్గర ఫోనుంటే గరగరమని శబ్దం వస్తుంది, ఎలాగూ ఆ గోడల్లోకి సిగ్నల్ రాదు. ఇనుపతలుపు మూశాను.

అతను ఖాళీ నూనె డబ్బా ఒళ్ళో పెట్టుకుని వాయిస్తూ అబ్బాయికి చెప్పసాగాడు. “తమ్ముడుగారూ, మీరు ప్రశ్న అడగట్లేదండి, సమాధానం చెప్తన్నారు. ఆడికి నిజంగా తెలవదండి. గొర్రెలేమైపోతాయోనని నిజంగా కంగారు. ఆ కంగారుకే జనం నవ్వుతారండి.” అని తను ఒకసారి చెప్పి చూపించాడు. నేను నవ్వాపుకోలేక నోటికి చున్నీ అడ్డం పెట్టుకున్నాను. అబ్బాయి చెప్పాడు. మళ్ళీ రైలు తలుపులే.

చాలాసేపటికి ఉక్క భరించలేక తలుపు తీశాను. సోఫా మీద ఫోన్లు మూడూ ఒక దాని పక్కన ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉన్నాయి. నా దానిలో అంకుల్ కాల్స్, మా ఆయన కాల్స్. అతని ఫోన్ తీసి చేతికిచ్చాను. భార్య, బావమరిది, ఊరి పాస్టరుగారు, మళ్ళీ భార్య, మళ్ళీ భార్య.

“పాపకేదో అయ్యిందండి,” అన్నాడు.

ఫోన్ మళ్ళీ నా చేతికే ఇచ్చాడు, నేనే నంబరు నొక్కి స్పీకర్‌లో పెట్టాను. ఎవరో ముసలావిడ ఎత్తింది. ఇతను “అత్తా, ఏటయ్యింది?” అన్నాడు. అవతల కెవ్వుమని ఒక కేక, తర్వాత ఫోన్ కిందపడ్డ చప్పుడు, ఎక్కడో దూరంగా చాలామంది ఆడవాళ్ళ ఏడుపు. లైన్ తెగింది. అతను సోఫాలో కూలబడి నా వైపు చూశాడు. నేను ఏం చేయాలో తోచక నా ఫోన్లో అంకుల్ పంపినవి తెరిచాను. సంగతి అక్కడ ఉంది.

పాట వస్తోందని ముందుగా అందరికీ తెలియాలని అంకుల్ ఆ ఉదయం ఒక బొమ్మ తయారు చేశాడు. సంఘంలో శుభాకాంక్షల బొమ్మలన్నీ ఆయనే చేస్తాడు, ఆయనకదో సరదా. ఆసుపత్రిలో ఆపరేషన్ అయ్యాక తీసిన ఫొటో: అతను కళ్ళు మూసుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాడు, దుప్పటి గొంతుదాకా ఉంది. దాని చుట్టూ తెల్లపూల చట్రం. క్రిస్మస్ కదా అని పక్కన వెలుగుతున్న కొవ్వొత్తి, పైన నక్షత్రం. అడుగున పెద్ద అక్షరాల్లో, ఈ సహోదరుని కుటుంబం కొరకు ప్రార్థించండి, చేయూతనివ్వండి. ఆయన కంటికది క్రిస్మస్ బొమ్మ. మరే తెలుగు కంటికైనా అదేమిటో వేరే చెప్పక్కర్లేదు. బొమ్మ ఒక గ్రూపులోంచి ఇంకో గ్రూపులోకి దూకుతూ మధ్యాహ్నానికి ఊరు చేరింది. ఇతని ఫోన్ మోగుతోంది, ఎత్తేవాడు లేడు. ఎత్తకపోవడంతో అందరికీ రూఢి అయిపోయింది.

నేను బొమ్మను అతనికి చూపించాను. అప్పుడే ఇంకో కాల్ వచ్చింది. భార్య.

“ఎవరండీ?” అంది ఆమె. గొంతు బొంగురుపోయి ఉంది.

“నేనే.”

“నేనంటే ఎవరండీ? దణ్ణం పెడతాను, ఆయన ఫోన్లోంచి ఎవరు మాట్టాడతన్నారండీ?”

“నేనే. నీ మొగుణ్ణి. వీడియోలోకి రా.”

తెరమీద ఆమె మొహం కనిపించింది. రొయ్యల షెడ్డులో పెట్టుకునే తెల్లటోపీ ఇంకా తలమీదే ఉంది. పనిలోంచి ఎవరో లాక్కొచ్చినట్టున్నారు. వెనక వాకిట్లో జనం, కుర్చీలు, ఒక గుంజకు అప్పుడే కడుతున్న షామియానా. ఆమె ఇతని మొహాన్ని చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఆమె చేతిలోంచి ఫోన్ ఎవరో లాక్కున్నారు, తెరంతా మొహాలు నిండిపోయాయి.

అప్పుడు అతను గొంతు సవరించుకున్నాడు.

“ఏటండీ, నా సావు మీటింగుకి నన్నే పిలవలేదు? ఆ షామియానా ఇప్పకండి మావా, క్రిస్మస్‌కి ఉంచెయ్యండి. ఎలాగూ అడ్వాన్సు ఇచ్చేసుంటారు.”

అవతల ఏడుస్తున్నవాళ్ళే ఘొల్లుమని నవ్వారు. పాస్టరుగారు స్తోత్రం, స్తోత్రం అంటూ కళ్ళు తుడుచుకుంటున్నాడు. ఇతను ఒకరొకరినీ పేరుపేరునా పలకరిస్తూ, నువ్వెంతసేపు ఏడ్చావు, నువ్వు ఏడవలేదంట గదా అని ఆటపట్టించాడు. ఫోన్ పెట్టేశాక మాత్రం నా ఫోన్లోని ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాడు. నేను టీ పెట్టాను, పొంగించాను, మళ్ళీ పెట్టాను. అబ్బాయి కిటికీ దగ్గర నిలబడి కళ్ళద్దాలు తుడుచుకుంటున్నాడు.

“అక్కా,” అన్నాడు అతను, బొమ్మను మళ్ళీ చూస్తూ. “ఇంకెన్నాళ్ళో లేదండి, నేను ఊరెళ్ళిపోతాను. ఎల్లాక నన్ను చూసినోళ్ళకి ముందు ఈ ఫొటోయే గుర్తొస్తాది. అయ్యో పాపం అంటారు. అయ్యో పాపం అనిపించుకున్నోడు వంత కట్టి నవ్విత్తే ఎవరు నవ్వుతారండి? ఇక నన్ను స్టేజీ ఎక్కనివ్వరు. కాలు పోయినా కుంటుకుంటా ఎక్కేవోణ్ణండి. ఇది పోతే ఎలాగండి?”

ఆ మాట నాకు తిన్నగా తగిలింది. అంతకుముందు దాకా నేను పాట బాగా రావడం లేదని చిరాకుపడుతున్నాను. అతనికి పోయేదేమిటో అప్పుడు తెలిసింది.

సాయంత్రానికి అంకుల్ తడిసిన గొడుగుతో వచ్చాడు. గుమ్మంలోనే అతని చేతులు రెండూ పట్టుకుని ఏడ్చేశాడు. “నా బుద్ధి గడ్డితిన్నది నాయనా,” అన్నాడు. ఏడుపు ఆగాక కాఫీ తాగుతూ, మెల్లగా, నేల చూపులు చూస్తూ ఇంకో మాట చెప్పాడు. ఆ బొమ్మ చూసి ఉదయం నుంచి సాయం వాన కురిసినట్టు వస్తోందట. ఇప్పుడు ఇతనే జోకులేస్తూ పాట పాడితే జనం మోసపోయామనుకుంటారేమోనని భయమట. తమ్ముడి గొంతుతోనే పెట్టేద్దామా అన్నాడు.

నేను ఒంటికాలి మీద లేచాను. “మోసపోవడమేంటి అంకుల్? బతికున్నందుకు ఈయన క్షమాపణ చెప్పాలా? ఇంటిముందు టెంటు వేయించారు, ఇప్పుడు నోరు కూడా కుట్టేస్తారా? ఆయన పాడితేనే రికార్డు చేస్తాను, లేకపోతే ఆ మైకు తీసుకెళ్ళి మీ ఇంట్లో పెట్టుకోండి.” ఇంకా ఏమేమో అన్నాను. అంకుల్‌ని అలా అనకూడదు, అన్నాను.

అంకుల్ కాఫీ కప్పు కింద పెట్టాడు. “ఓకే లా,” అన్నాడు ఇక్కడివాళ్ళ యాసలో. “పాడు నాయనా.”

ఆ సాయంత్రమే పాడాడు. అబ్బాయి కథకుడయ్యాడు, అప్పటికి తిరిగొచ్చిన మా ఆయనతో సహా మిగతా అందరం వంత పలకడానికి షెల్టర్లోకి దూరాం. అంకుల్‌ని కూడా లాక్కొచ్చి సూట్‌కేసు మీద కూర్చోబెట్టాం. దూత వచ్చెనూ అంటే తందాన తాన, వార్త తెచ్చెనూ అంటే తందాన తాన. అబ్బాయి భక్తిగా కాపరులను పరిగెత్తించాడు. నూనె డబ్బా మీద ఒక్క దెబ్బ వేసి అతను అడ్డుపడ్డాడు: “ఆగాగు గురువా! అందరూ ఎల్లిపోయారా? మరి గొర్రెలకాడ ఎవరున్నారు?”

ఆ ఒక్క ప్రశ్నకే పాట బతికింది. జాకెట్ దగ్గర అంకుల్ పొట్ట పట్టుకున్నాడు, ఆయన నవ్వు రికార్డులో ఇప్పటికీ వినిపిస్తుంది. ఎక్కడా ఆపకుండా చివరిదాకా వెళ్ళిపోయాం. కాపరులు తిరిగొచ్చారు, చూసినవన్నీ చెప్పారు. అతను డబ్బా మీద చెయ్యి ఆపి అడిగాడు.

“నేను అడిగానని చెప్పారా?”

అక్కడ మేమందరం గట్టిగా నవ్వాలి, అలా అనుకున్నాం. ఎవరూ నవ్వలేదు. అబ్బాయి తల దించుకున్నాడు. అతను అందరి మొహాలూ చూసి కోప్పడ్డాడు, నిజంగానే కోప్పడ్డాడు.

“నవ్వాలండీ! ఇక్కడ నవ్వకపోతే ఇది కూడా ఆ ఫొటోయే అయిపోద్ది. మళ్ళీ చెప్తాను, నవ్వండి.”

మళ్ళీ చెప్పాడు. అందరికంటే ముందు నేనే నవ్వాను, పెద్దగా, ఇంట్లో ఎప్పుడూ నవ్వనంత పెద్దగా. నా వెనక మిగతావాళ్ళు అందుకున్నారు. అతను తృప్తిగా డబ్బా మీద ఆఖరి దరువు వేశాడు.

పాట క్రిస్మస్‌కి ముందు ఆదివారం బయటికి వచ్చింది. జనానికి నచ్చింది. డార్మిటరీల్లో కుర్రాళ్ళు పెట్టుకుని విన్నారు. యీషున్‌లో ఒకావిడ ఎవరో తెలియకపోయినా ఫోన్ చేసి, మా పిల్లలు రోజంతా గొర్రెలకాడ ఎవరున్నారని అడుగుతున్నారండీ అంది. సాయం కూడా వచ్చింది, కానీ కొవ్వొత్తి బొమ్మకు వచ్చినంత రాలేదు. ఆ సంగతి అతనికి చెప్పొద్దని అంకుల్ మమ్మల్నందరినీ బతిమాలాడు. ఎవరూ చెప్పలేదు గానీ అతనికి తెలిసిపోయింది. “ఏడుపుకే గిరాకీ ఎక్కువండి,” అని అదీ నవ్వుతూనే అన్నాడు.

కొత్త సంవత్సరం వచ్చాక అతను ఊరెళ్ళిపోయాడు. వెళ్ళిన కొద్ది రోజులకు అతని నంబరు నుంచి ఫోన్ వస్తే ఎత్తాను. మాట్లాడింది భార్య. ముందు వందనాలు చెప్పింది, పాప చదువు సంగతి చెప్పింది. ఈయన కర్రలతో బజారుకెళ్తే అందరూ చుట్టూ చేరి, గొర్రెలకాడ ఎవరున్నార్రా అని అడిగి నవ్వుతున్నారని, చచ్చి బతికినోడని పేరు పెట్టారని చెప్పింది. బుర్రకథవాళ్ళు ఇంటికొచ్చి వచ్చే క్రిస్మస్‌కి ఇప్పటినుంచే మాట తీసుకున్నారట. నాకు ఎంత సంతోషమేసిందో చెప్పలేను. హాల్లో అటూ ఇటూ తిరుగుతూ, ఇంకా ఇంకా చెప్పమన్నాను.

ఫోన్ పెట్టేసే ముందు ఆమె ఒక మాట అడిగింది.

“అక్కా, ఆ పాట ఆఖర్లో ముందుగా నవ్విన ఆడమనిషి ఎవరండీ?”

“నేనేనమ్మా.”

“బాగా నవ్వారండి,” అంది. “ఊరంతా నవ్వుతున్నారు. ఈయన పక్కన కూర్చుని పాట పెడతాడండి, పెట్టి నా మొహమే చూత్తా ఉంటాడు. నాకింకా నవ్వు రావట్లేదండి.”